మే నెలలో పన్నెండు మందికి రొయ్యలు, పీతలు, చేపల పులుసు: డాబా మీద విందు చేసే పద్ధతి

మే నెల వచ్చిందంటే తెలిసినవాళ్ళంతా నన్ను అడిగేది ఒకటే. ‘పది పన్నెండు మంది స్నేహితులు వస్తున్నారు, రొయ్యలూ పీతలూ చేద్దామనుకుంటున్నాం, ఈ ఎండల్లో పాడవకుండా అందరికీ వేడివేడిగా ఎలా పెట్టాలి?’ అని. కూర వండటం చాలా ఇళ్ళలో బాగానే వచ్చు. తేడా కొట్టేది వరసలోనే. ఏది ముందు కొనాలి, ఏది ముందు వండాలి, ఏది చివరి దాకా పొయ్యి ఎక్కించకూడదు అన్నవి తేలితే, పిలిచినవాళ్ళు కూడా స్నేహితుల పక్కన కూర్చుని తినొచ్చు. విందు కుదిరిందా లేదా అని నేను చూసేది దాన్నిబట్టే.

కాకినాడలో మేం చేసుకునే పద్ధతి ఇది. పన్నెండు మందికి, ఆదివారం రాత్రి, డాబా మీద.

1. పిలిచే ముందే తేల్చుకోవాల్సినవి

మధ్యాహ్నం భోజనం పెట్టుకోకండి. నడివేసవి మధ్యాహ్నం పొయ్యి దగ్గర రెండు గంటలు నిలబడ్డవాళ్ళకు తినాలన్న కోరిక పోతుంది. రాత్రి ఎనిమిదికి పెట్టుకుంటే సముద్రపు గాలి తగులుతుంది, ఆకలీ వేస్తుంది.

వంటకాలు మూడు చాలు: మామిడికాయ వేసిన చేపల పులుసు, పీతల ఇగురు, రొయ్యల వేపుడు. నాలుగోది చేప వేపుడు చేద్దామని అందరికీ అనిపిస్తుంది. వద్దు. ముక్కలు పెనం మీద దఫాలుగా వేయించాలి, వేయించేవాళ్ళు తినలేరు.

చేపా మాంసం తినని వాళ్ళు ఒక్కరున్నా మామిడికాయ పప్పు, చారు విడిగా వండండి. చేపలతో పెరుగు కలపకూడదని పాటించే ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. అందుకని మజ్జిగ వడ్డించకుండా పక్కన పెట్టేస్తే కావాలనుకున్నవాళ్ళు పోసుకుంటారు.

పిలిచేటప్పుడే మొహమాటం లేకుండా అడగాల్సింది ఇంకొకటి ఉంది: ‘రొయ్యలు, పీతలు ఎవరికైనా పడవా?’ రొయ్య పడనివాళ్ళకు చాలాసార్లు పీత కూడా పడదు. చేప మాత్రం పడొచ్చు. అలాంటివాళ్ళుంటే పులుసుకు గరిటె, గిన్నె, నూనె అన్నీ వేరుగా ఉంచాలి. తిన్నాక పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

2. వేట నిషేధం రోజుల్లో ఏం దొరుకుతుంది

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లు, మోటారు పడవలు వేటకు వెళ్ళవు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఈ నిషేధం. మోటారు లేని తెప్పలు, నాటు పడవలు మాత్రం వెళ్తాయి. వాటికి పడే చేప తక్కువ, అదీ గంటలోనే అయిపోతుంది.

కాబట్టి మే నెలలో పెద్ద వంజరం, చందువా కనిపిస్తే అవి పడమటి తీరం నుంచి ఐసులో వచ్చినవో, కోల్డ్ స్టోరేజీలోవో అయ్యే అవకాశం ఎక్కువ. మంచివి దొరకవని కాదు గానీ, ఇంకాస్త జాగ్రత్తగా చూసి కొనాలి.

ఈ రెండు నెలలూ నమ్మకంగా దొరికేవి చెరువు రొయ్యలు, ఉప్పుటేర్లలోనూ మడ అడవుల్లోనూ దొరికే మండపీతలు, చెరువుల్లో పెంచే పండుగప్ప. ఇక్కడైతే కోరింగ మడ అడవుల వైపు నుంచి పీతలు వస్తాయి. పండుగప్ప లేకపోతే కొర్రమీను, శీలావతి పులుసుకు బాగుంటాయి. పులస ఊసు ఇప్పుడు ఎత్తొద్దు, అది గోదావరికి కొత్త నీరు వచ్చాకే.

హైదరాబాద్‌లో రామ్‌నగర్ చేపల మార్కెట్‌కు వెళ్ళేవాళ్ళు ఆదివారం తెల్లవారుజామునే వెళ్ళాలి. జూన్ మొదట్లో మృగశిర కార్తె రోజు తెలంగాణలో ఇంటింటా చేప వండుతారు, ఆ రోజుల్లో రద్దీ, ధర రెండూ పెరుగుతాయి. విందు ఒక వారం ముందో వెనకో పెట్టుకుంటే మేలు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఫ్రోజెన్ రొయ్యలు వాడేవాళ్ళు ముందు రోజు రాత్రే ఫ్రీజర్ నుంచి తీసి కింది అరలో పెట్టుకోండి. వేడినీళ్ళలో వేసి కరిగించొద్దు.

3. పన్నెండు మందికి కొలత

- పండుగప్ప: 3 కిలోలు (ఒకటిన్నర కిలోలవి రెండు). కోయించాక మనిషికి రెండు ముక్కలు, పైన తలకాయలు.
- రొయ్యలు: తలతో 3 కిలోలు, 40 కౌంట్. కౌంట్ అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క. 3 కిలోలకు 120, మనిషికి పది. వలిచాక సుమారు సగం బరువే మిగులుతుంది.
- మండపీతలు: 350 గ్రాములవి ఎనిమిది. మనిషికి సగం పీత, ఇంకో రెండు మారు అడిగేవాళ్ళకు.
- బియ్యం: కిలోన్నర.
- ఉల్లిపాయలు: రెండున్నర కిలోలు. అల్లం వెల్లుల్లి ముద్ద: 200 గ్రాములు.
- చింతపండు: 60 గ్రాములు. పుల్లటి నాటు మామిడికాయలు: మధ్యరకం రెండు.
- పగలగొట్టిన ఐసు: 8 కిలోలు. థర్మాకోల్ పెట్టె ఒకటి, తడిపిన గోనెసంచి ఒకటి.
- తాటిముంజలు, మామిడిపండ్లు: చివర్లో తినడానికి.

మామిడికాయ కొనేటప్పుడు కలెక్టర్ కాయ తీసుకోవద్దు. దానికి పులుపు చాలదు, పులుసు చప్పగా ఉంటుంది.

4. మార్కెట్లో కళ్ళు, వేళ్ళు, ముక్కు

చేపలకు శనివారం ఉదయం ఆరుకు వెళ్ళండి. రొయ్యలకు, పీతలకు ఆదివారం ఉదయం ఆరుకు. రెండుసార్లు తిరగడానికి బద్ధకించి అన్నీ ఒకేసారి తెచ్చుకుంటే ఫ్రిజ్‌లో చోటు చాలదు, రొయ్య మెత్తబడుతుంది.

చేప: కన్ను ఉబ్బుగా, తేటగా ఉండాలి. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి, గోధుమరంగు తిరిగితే పాతది. వేలితో నొక్కి వదిలితే గుంట వెంటనే పూడిపోవాలి. మొప్ప దగ్గర వాసన చూడటానికి మొహమాటపడకండి, మంచి అమ్మకందారులు ఏమీ అనుకోరు.

పండుగప్పకు బదులు వంజరమో కనగర్తలో కొంటుంటే ఇంకో సంగతి తెలిసుండాలి. ఈ జాతి చేపలు ఎండకు కాసేపు బయట ఉంటే కండలో హిస్టమిన్ అనే హాని చేసే రసాయనం పేరుకుంటుంది. ఎంత ఉడికించినా అది పోదు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడటం, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. ఐసు మీద లేని కనగర్తను వేసవిలో ఎంత చవకైనా కొనకండి. వండాక నాలుక చుర్రుమంటే ఆ కూర పారబోయడమే.

రొయ్య: తల ఒంటిని గట్టిగా అంటుకుని ఉండాలి. తల నల్లబడి వేలాడుతుంటే, డొల్ల జారుగా ఉంటే వదిలేయండి. వాసన సముద్రపు నీటిలా ఉండొచ్చు గానీ ముక్కుకు ఘాటుగా తగలకూడదు.

పీత: ప్రాణంతో ఉన్నదే కొనాలి, ఇందులో రాజీ లేదు. చచ్చిన పీత ఈ వేడికి చాలా త్వరగా కుళ్ళుతుంది. తాడు కట్టి ఉన్నా కళ్ళు, నోటి దగ్గర భాగాలు కదులుతున్నాయో లేదో ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకుని చూడండి. ఒకసారి నేను తూకం చూసుకుని గుత్తిగా సంచిలో వేయించుకొచ్చాను, ఇంటికొచ్చి విప్పితే ఎనిమిదింట్లో రెండు చచ్చి ఉన్నాయి. మళ్ళీ మార్కెట్‌కు వెళ్ళేసరికి పీతలు అయిపోయాయి. అప్పటినుంచి లెక్కపెట్టి, కదిపి చూశాకే డబ్బులిస్తున్నాను.

ఒకే సైజు పీతల్లో బరువుగా అనిపించేది తీసుకోండి. కడుపు వైపు, కాళ్ళ మొదట్లో బొటనవేలితో నొక్కితే గట్టిగా ఉండాలి. లోపలికి దిగితే కండ పట్టలేదన్నమాట. కడుపు మీది మూత సన్నగా మొనదేలి ఉంటే మగది, డెక్కల్లో కండ ఎక్కువ. వెడల్పుగా, గుండ్రంగా ఉంటే ఆడది.

ఐసు విషయంలో చేసే తప్పు పైన నాలుగు ముక్కలు చల్లి ఊరుకోవడం. పెట్టె అడుగున ఒక వరస ఐసు, దాని మీద కవరులో సరుకు, పైన మళ్ళీ ఐసు. సరుకు ఎంతో ఐసూ అంత. కరిగిన నీళ్ళు పోవడానికి అడుగున చిన్న చిల్లు ఉండాలి. పీతలు మాత్రం ఐసులో వద్దు, తడి గోనెసంచిలో చుట్టి నీడన పెట్టాలి. బకెట్లో మంచినీళ్ళు పోసి వాటిలో వేస్తే చచ్చిపోతాయి.

5. శనివారం సాయంత్రం: పులుసు

పులుసు ముందు రోజే వండేయాలి. ముక్కకు పులుపు పట్టడానికి రాత్రంతా కావాలి. పైగా ఆదివారం పని మూడో వంతు తగ్గిపోతుంది.

ఉదయం తెచ్చిన ముక్కల్ని రాళ్ళ ఉప్పు, పసుపు వేసి రుద్ది, రెండుమూడు నీళ్ళలో కడిగి, నీరు ఓడ్చి ఫ్రిజ్‌లో పెట్టండి. సాయంత్రం:

- వెడల్పాటి గిన్నెలో నువ్వుల నూనె పోసి, కరివేపాకు, చీల్చిన పచ్చిమిర్చి, ముప్పావు కిలో ఉల్లిపాయల ముద్ద వేసి పచ్చివాసన పోయేదాకా వేయించాలి.
- అల్లం వెల్లుల్లి ముద్దలో నాలుగో వంతు, పసుపు, కారం, ఉప్పు వేసి, చింతపండు రసం పోసి పది నిమిషాలు తెర్లనివ్వాలి.
- పులుసు చిక్కబడ్డాక ముక్కలు ఒకే వరసలో పరిచినట్టు వేయాలి. పైన మామిడికాయ ముక్కలు.
- ఇక్కడినుంచి గరిటె పెట్టొద్దు. గిన్నెను రెండువైపులా గుడ్డతో పట్టుకుని మెల్లగా కుదపండి. సన్నని సెగ మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు.
- దించే ముందు వేయించిన మెంతులు, జీలకర్ర పొడి ఒక చెంచా, కొత్తిమీర.

మట్టి చట్టిలో రుచి ఎక్కువన్న మాట నిజమే. కానీ ఇంత పులుసు మే నెలలో త్వరగా చల్లారాలి. వేడి చట్టిని చన్నీళ్ళలో పెడితే పగులుతుంది, బయట వదిలేస్తే ఈ ఉక్కకు తెల్లారేసరికి పులిసిపోతుంది. అందుకే అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె వాడతాను. దించాక ఐసు వేసిన నీళ్ళ టబ్బులో గిన్నె పెట్టి చల్లార్చి, పొయ్యి దించిన రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లోకి చేర్చాలి.

పులుపు ఎక్కువైతే చిన్న బెల్లం ముక్క. ఉప్పు ఎక్కువైతే పల్చటి చింతపండు రసం కొంచెం పోసి, నాలుగు బెండకాయ ముక్కలు వేసి ఉడికించండి. పులుసు నీళ్ళగా ఉంటే చేప ముక్కలు పళ్ళెంలోకి తీసేసి పులుసును ఒక్కదాన్నే మరిగించి, మళ్ళీ ముక్కలు దాంట్లోకి దించాలి. ముక్కలతో పాటే మరిగిస్తే ముల్లు ఒకవైపు, కండ ఒకవైపు అవుతుంది.

6. ఆదివారం ఉదయం: వలవడం

బాగా దగ్గరి స్నేహితుల్ని ఇద్దర్ని ఉదయమే రమ్మనండి. 3 కిలోల రొయ్యలు ఒక్కరే వలిస్తే నడుం పోతుంది, ముగ్గురు కూర్చుంటే గంటా గంటన్నరలో అయిపోతుంది. వంటింట్లో పాత పేపర్లు పరిచి, మధ్యలో ఐసు గిన్నె పెట్టుకుని కూర్చున్నాక, ఏడాదిగా ఫోన్లో చెప్పుకోని సంగతులన్నీ అక్కడే బయటికొస్తాయి. నాకైతే రాత్రి భోజనం ఎంత ఇష్టమో ఈ గంటా అంతే ఇష్టం.

తల తిప్పి లాగాలి. కాళ్ళ వైపు నుంచి డొల్ల విప్పాలి. వీపు మీద నల్లటి దారంలా కనిపించేది పేగు. వీపు మధ్యలో టూత్‌పిక్ గుచ్చి పైకి లేపితే మొత్తం ఒక్కటిగా వచ్చేస్తుంది, తెగితే చాకుతో గీరి తీయాలి. పావుకిలో చొప్పున వలిచి, వలిచినవి వెంటనే ఐసు మీదున్న గిన్నెలోకి. మొత్తం వలిచేదాకా ఫ్యాను కింద పెట్టుకుని కూర్చోవద్దు.

ఒక్కసారి ఉప్పు, పసుపు నీళ్ళలో కడిగి, నీరు పూర్తిగా ఓడ్చి, గుడ్డతో అద్ది డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయండి. తడి రొయ్య వేగదు, ఉడుకుతుంది.

తలలు పారేయకండి. బాగా కడిగి రెండు గ్లాసుల నీళ్ళలో పావుగంట మరిగించి వడకడితే వచ్చే రసం పీతల ఇగురులో నీళ్ళకు బదులు పోయొచ్చు. (రొయ్య పడనివాళ్ళకు ఇగురు కూడా వద్దని అప్పుడు గట్టిగా చెప్పాలి.)

పదకొండు లోపే మసాలా కూడా తయారు చేసి పెట్టుకోవాలి. కిలోన్నర ఉల్లిపాయలు సన్నగా తరిగి పావు లీటరు నూనెలో నిదానంగా, ఎర్రగా వేయించి, మిగిలిన అల్లం వెల్లుల్లి ముద్ద వేసి దించండి. చల్లారాక రెండు భాగాలు చేసి ఫ్రిజ్‌లో పెట్టండి. ఒకటి పీతలకు, ఒకటి రొయ్యలకు. ఆ తర్వాత నాలుగున్నర దాకా వంటింటి జోలికి పోవద్దు, పడుకోండి.

7. సాయంత్రం: పీతలు

అయిదింటికి పీతల్ని తాళ్ళు విప్పకుండానే అరగంట పైగా ఐసులో పూర్తిగా కప్పెట్టండి. కదలకుండా పడి ఉంటాయి. వాటికీ బాధ తక్కువ, మన వేళ్ళకూ భద్రం. కదలిక ఏమాత్రం ఉన్నా తాడు విప్పొద్దు.

1. కడుపు మీది మూత లేపి తుంచేయాలి.
2. వెనకవైపు నుంచి పై డిప్పను లాగి విడదీయాలి.
3. ఈకల్లా, బూడిదరంగులో ఉండే మొప్పలన్నీ తీసేయాలి. నోటి భాగం కూడా.
4. నీళ్ళలో ఒక్కసారి కడిగి, నిలువునా రెండు ముక్కలు.
5. డెక్కల్ని విరిచి, రోకలితో ఒక్క దెబ్బ వేసి చిట్లగొట్టాలి. నుజ్జు చేయొద్దు. ఇది మర్చిపోతే మసాలా లోపలికి దిగదు, తినేటప్పుడు అందరూ పళ్ళతో కుస్తీ పట్టాలి.

ఆరుంబావుకు పొయ్యి మీదికి. మసాలా భాగం వేడి చేసి, కారం, పసుపు, ధనియాల పొడి, ఉప్పు వేసి, పీత ముక్కలు కలిపి మూత పెట్టండి. అయిదు నిమిషాలకు డిప్పలు ఎర్రబడతాయి. అప్పుడు రొయ్య తలల రసం పోసి, మధ్యస్థమైన మంట మీద ఇరవై నిమిషాలు. రసం ముక్కలకు అంటుకునేంతగా ఇగిరాక మిరియాల పొడి చల్లి, సన్నని సెగ మీద మూతపెట్టి ఉంచేయండి.

8. డాబా సిద్ధం చేయడం

- అయిదింటికి డాబా మీద నీళ్ళు చల్లాలి. ఏడున్నరకు నేల చల్లబడుతుంది.
- వెలుతురు బాగా ఉండాలి. మసక వెలుతురులో చేప ముల్లు కనపడదు. ట్యూబ్‌లైటు, కరెంటు పోతే ఛార్జింగ్ లైటు.
- అరిటాకులు. ఇద్దరి మధ్య డొల్లలు వేయడానికి ఒక గిన్నె.
- చేతులు కడుక్కోవడానికి డాబా మీదే బకెట్టు, మగ్గు, నిమ్మచెక్కలు.
- ముంజలు, మామిడిపండ్లు ఐసు నీళ్ళలో.

ముల్లు గొంతులో గుచ్చుకుంటే అన్నం ముద్ద మింగమంటారు. వద్దు, ముల్లు ఇంకా లోపలికి దిగొచ్చు. మెల్లగా దగ్గి చూసి, నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

9. చివరి పావుగంట: రొయ్యలు

అందరూ వచ్చాక, అన్నం వార్చాక, పులుసు గిన్నె పొయ్యి మీద అంతటా తుకతుక ఉడికాక, అప్పుడు రొయ్యలు. నేను మొదటిసారి చేసినప్పుడు తొందరపడి ఆరింటికే వేయించి, ఎనిమిదింటికి మళ్ళీ వేడిచేశాను. అంత మంచి రొయ్యలు రబ్బరు ముక్కల్లా సాగాయి. స్నేహితులు ఏమీ అనలేదు, ఆకుల్లో మిగిలినవే చెప్పాయి.

- వెడల్పాటి మూకుడు బాగా కాలాలి. రొయ్యల్ని రెండు దఫాలుగా వేయండి. అన్నీ ఒకేసారి కుమ్మరిస్తే నీరు ఊరి అందులోనే ఉడుకుతాయి.
- పెద్ద మంట మీద రెండు నిమిషాలు. బూడిదరంగు పోయి గులాబి రంగు రాగానే పళ్ళెంలోకి తీసేయాలి.
- మూకుట్లో మిగిలిన నీటిలో రెండో మసాలా భాగం, కరివేపాకు, పచ్చిమిర్చి, మూడు చెంచాల కారం, ఉప్పు వేసి నూనె తేలేదాకా ఇగరనివ్వాలి.
- ఇప్పుడు రొయ్యలు మళ్ళీ వేసి రెండు నిమిషాలు తిప్పి, గరం మసాలా, కొత్తిమీర వేసి దించేయడమే.

రొయ్య నెలవంకలా వంగితే ఉడికింది. గుండ్రంగా చుట్టుకుపోయిందంటే ఎక్కువైంది. నీరు ఇగిరేదాకా రొయ్యల్ని మూకుట్లోనే ఉంచడం మనలో చాలామందికి అలవాటు. ఇగరాల్సింది నీరు, రొయ్య కాదు. తీసి పక్కన పెట్టడం ఒక్కటి అలవాటు చేసుకుంటే మిగతాదంతా మీ ఇంటి కారం ప్రకారమే చేసుకోండి.

వడ్డించే వరస: మొదట పీత, చేతులు ఖాళీగా ఉన్నప్పుడే. తర్వాత వేడి అన్నంలో రొయ్యలు. చివర్లో పులుసు.

10. తిన్నాక

ఈ వేడిలో వండినది గంటకు మించి బయట ఉండకూడదు. అందరూ కబుర్లలో ఉండగానే ఒకరు లేచి మిగిలినవి చిన్న డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టేయాలి. పీతలు, రొయ్యలు మర్నాడు మధ్యాహ్నం లోపు అయిపోవాలి.

డొల్లలు రెండు కవర్లలో మూటగట్టి, చెత్త బండి వచ్చేదాకా ఫ్రీజర్‌లో పెడితే ఇల్లు కంపు కొట్టదు, పిల్లులూ రావు. గిన్నెలకు చింతపండు పిప్పి, చేతులకు శనగపిండి, నిమ్మచెక్క.

పులుసు మిగిలితే రాత్రి ఉండిపోయిన స్నేహితులకు మర్నాడు పొద్దున వేడి ఇడ్లీల మీద పోసి పెట్టండి. అప్పటికి మామిడికాయ ముక్క పూర్తిగా కరిగి పులుసులో కలిసిపోయి ఉంటుంది.